టీ అంగడి నుంచి నా జవాబు: బహిరంగ స్థలాల్లో పొగ నిషేధం ఉండాలా?

"బస్టాండ్లు, హోటళ్లు, టీ అంగళ్ల దగ్గర పొగ తాగడాన్ని గట్టిగా నిషేధించాలా? అట్లా చేస్తే తాగేవాళ్ల స్వేచ్ఛకి అడ్డుపడినట్టు కాదా?" అని అడిగారు.

నిషేధించాలనే నేనంటాను. తిరుపతిలో నాకు టీ అంగడి ఉంది. తొమ్మిదేళ్లు అందులో బీడీలు, సిగరెట్లు అమ్మాను. నాలుగేళ్ల కిందట మానేశాను. నేను ఎప్పుడూ తాగలేదు, కానీ అమ్మిన చేతులు నావే. అందుకే జవాబు కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

మా అంగడి రైల్వే స్టేషన్‌కి నడిచిపోయేంత దూరంలో ఒక సందు మొదట్లో ఉంది. ముందర రేకుల పందిరి, దాని కింద రెండు బల్లలు, లోపల ఆరుగురు కూర్చునేంత చోటు. తెల్లవారుజామున నాలుగుకి పొయ్యి వెలిగిస్తే రాత్రి పదికి ఆర్పుతాం. కొండకి పోయేవాళ్లు, దిగి వచ్చినవాళ్లు, లాడ్జీల్లో పనిచేసే పిల్లోళ్లు, ఆటో అన్నలు, గుండు చేయించుకుని నెత్తికి గంధం పూసుకున్న చిన్నపిల్లలు, అందరూ ఆ పందిరి కిందికే వస్తారు.

గల్లాపెట్టె పక్కన సిగరెట్ పెట్టెలు వరసగా పెట్టేవాణ్ణి. పందిరి గుంజకి ఒక మేకు, మేకుకి కొబ్బరి తాడు. తాడు కొస పొద్దస్తమానం రాజుకుంటానే ఉండేది. అగ్గిపెట్టె అడిగే పని లేకుండా ఎవరికి వాళ్లు దాని దగ్గర ముట్టించుకునేవాళ్లు. తర్వాత తాడు పోయి దారం కట్టిన లైటర్ వచ్చింది. లూజు సిగరెట్ మీద మిగిలేది తక్కువే. అయితే సిగరెట్ కొన్నాయన టీ తాగకుండా పోడు, టీ తాగినాయన రెండో సిగరెట్ అడగకుండా పోడు. అంగడి నడిచేదే ఆ జోడీ మీద అనుకునేవాణ్ణి.

మా టీ మాస్టర్‌ది పీలేరు పక్కన పల్లె. నాకు చుట్టం కాదు గానీ మామా అనే పిలిచేవాణ్ణి. యాభై దాటిన మనిషి. బీడీ ముట్టినవాడు కాదు, మందు వాసన తెలిసినవాడు కాదు. రోజుకి పన్నెండు, పద్నాలుగు గంటలు పొయ్యి దగ్గరే నిలబడేవాడు. బల్లల మీద కూర్చున్నవాళ్లు వదిలే పొగంతా రేకుల కిందికి చేరి, పోయే దారి లేక నిదానంగా కిందికి దిగేది. అది దిగే చోటే ఆయన నిలబడే చోటు. పొద్దున పూట ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ పొగ పొరలు పొరలుగా కనపడేది. నేను ఎదురుగా గల్లా దగ్గర కూర్చుని దాన్ని చూస్తానే ఉండేవాణ్ణి. చూసి కూడా ఏమీ అనుకోలేదు.

ముందు దగ్గు మొదలైంది. దుమ్ము అనుకున్నాం. తర్వాత పాల క్యాను ఎత్తలేకపోయాడు. మెట్లెక్కితే నిలబడిపోయేవాడు. రాత్రిళ్లు పడుకుంటే ఛాతీలో పిల్లికూతలు వస్తున్నాయని ఆయన భార్య నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. డాక్టరుగారు ఛాతీ విని, గొట్టంలో ఊదించి, కాగితాలు చూసి, "రోజుకి ఎన్ని తాగుతావు?" అని అడిగారు. మామ టీ గురించి అనుకుని, "ఏడెనిమిది సార్" అన్నాడు. ఆయన రాసేసుకున్నారు. "టీ గురించి చెప్తున్నాడు సార్, సిగరెట్ అలవాటు లేదు" అని నేను కల్పించుకుంటే పెన్ను పక్కన పెట్టి, "ఎక్కడ పనిచేస్తావు?" అన్నారు. మామ నా వైపు చూశాడు. ఆ చూపులో నా మీద కోపం లేదు. అదే నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తుకొస్తుంది.

డాక్టరుగారు సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల్లో గాలి పోయే దారులు సన్నబడిపోయే జబ్బు. పాత రోజుల్లో కట్టెల పొయ్యి దగ్గర చేసిన పని వల్ల కూడా వచ్చి ఉండొచ్చు, ఇది ఫలానా పొగ వల్లే అని వేలు పెట్టి చూపించలేం అని నిజాయితీగా చెప్పారు. కానీ ఒక సంగతి విడమరిచి చెప్పారు. తాగేవాడు లోపలికి లాగే పొగకి కనీసం ఫిల్టర్ అడ్డం ఉంటుంది. దమ్ముకి దమ్ముకి మధ్య సిగరెట్ కొస నుంచి ఊరికే లేచే పొగకి ఆ అడ్డం కూడా లేదు. బీడీకైతే అసలు ఫిల్టరే ఉండదు. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయని, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ తెచ్చేవని, ఇంతవరకు పీలిస్తే పరవాలేదు అనే లెక్క ఏదీ లేదని అన్నారు. పక్కవాళ్ల పొగ పీల్చి ప్రపంచంలో ఏటా పది లక్షలకు పైగా మనుషులు చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఆ లెక్క నేను తర్వాత చదివాను. నాకు మామ ఒక్కడే చాలు.

ఇప్పుడు మీరు అడిగిన స్వేచ్ఛ సంగతి. ఇష్టమైతే తాగమనండి, ఆయన ఒళ్లు ఆయనది. కానీ మామ పొయ్యి వదిలి యాడికి పోవాలి? బస్సు కోసం గంటసేపు నిలబడిన బాలింత యాడికి పోవాలి? తాగేవాడు పది అడుగులు పక్కకి పోగలడు, అక్కడే ఉండక తప్పనివాడు పోలేడు. నాకు ఈ వ్యవహారం మొత్తం ఇక్కడే తేలిపోతుంది. సుప్రీంకోర్టు 2001 నవంబర్ 2న చెప్పిన మాట కూడా ఇదే దారిలో ఉంది. కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన పిటిషన్ మీద తీర్పు అది. బహిరంగ స్థలాలకి పోక తప్పదు కాబట్టే తాగనివాడు జబ్బుల పాలవుతున్నాడని, అది మనిషి బతికే హక్కుని తీసేసుకోవడమేనని కోర్టు అంది.

నిజానికి మీ ప్రశ్నలో "నిషేధించాలా" అనే మాట అవసరం లేదు. నిషేధం ఉంది. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి, గాంధీ జయంతి రోజు నుంచి, గట్టి నియమాలు అమల్లోకి వచ్చాయి. ఆసుపత్రులు, ఆఫీసులు, హోటళ్లు, సినిమా హాళ్లు, బస్సులు, క్యాంటీన్లు అన్నీ దాని కిందికి వస్తాయి. చట్టంలో "ఆరుబయలు ఇందులోకి రాదు" అని ఒక ముక్క ఉంది. దాన్ని పట్టుకుని బస్టాండు ఆరుబయలే కదా అని వాదించేవాళ్లని నేను చూశాను. 2008 నియమాలు ఆ సందు కూడా మూసేశాయి. జనం వచ్చిపోయే బస్టాండు, రైల్వే స్టేషన్, స్టేడియం లాంటివి ఆరుబయలు కింద లెక్కకి రావని అందులో స్పష్టంగా ఉంది. 30 గదులున్న హోటళ్లు, 30 లేదా అంతకు మించి సీట్లున్న రెస్టారెంట్లు, ఎయిర్‌పోర్టులు మాత్రం పొగ తాగేవాళ్లకి విడిగా గది పెట్టుకోవచ్చు.

నేను సిగ్గుపడాల్సిన మాట ఒకటి ఉంది. పొగ తాగకూడని చోట యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ అందుబాటులో పెట్టకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది. అక్కడ ఎవరైనా తాగితే ఆ స్థలం నడిపేవాడు కూడా బాధ్యుడే. అంటే నా మేకు, నా తాడు, నా లైటర్ అన్నీ తప్పే. ఇన్నేళ్లలో ఒక్కరూ వచ్చి చెప్పలేదు, నేనూ అడిగి తెలుసుకోలేదు.

చట్టం ఉంటే చాలదు, మన జనం వినరు అని చాలామంది అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. తిరుపతిలో ఉండి ఎట్లా ఒప్పుకుంటాను? మా బావ చిత్తూరులో ఉంటాడు, రోజుకి ఒక పెట్టె కాలుస్తాడు. ఒకసారి మొక్కు ఉందని నడిచి కొండెక్కాడు. అలిపిరి దగ్గర తనిఖీలో బీడీలు, సిగరెట్లు, గుట్కా, మద్యం ఏవీ పైకి పోనివ్వరని మీకు తెలుసు కదా. ఎక్కే ముందు పెట్టె నాకిచ్చాడు. 3,550 మెట్లు, మధ్యలో గాలిగోపురం దగ్గర ఆయాసంతో అరగంట కూర్చున్నాడట. పైన రెండు రోజులు ఉన్నాడు. దిగి వచ్చాక, "ఎట్లా ఉన్నావు బావా రెండు రోజులు?" అని అడిగాను. "పైన ఎవురూ తాగరు గదరా, దొరకదు గూడా. మనసు అటు పోలే" అన్నాడు. నా చేతిలోంచి పెట్టె తీసుకుని పందిరి కింద ముట్టించాడు. పైన రెండు రోజులు గుర్తుకు రానిది, నా అంగడి ముందు రెండు నిమిషాలు ఆగలేకపోయాడు. ఎందుకంటే ఇక్కడ తాడు వేలాడుతోంది.

కొండ మీద దేవుడి భయం ఉంది, మీ టీ అంగడికి ఆ భయం యాడిది అంటారేమో. సరే, రేణిగుంటలో విమానం ఎక్కినాయన హైదరాబాద్‌లో దిగేదాకా తాగుతాడా? అక్కడ భక్తి ఏమీ లేదు. నా చిన్నప్పుడు చిత్తూరు పోయే బస్సులో డ్రైవర్ నోట్లో బీడీ ఉండేది, కిటికీ పక్కన పెద్దాయన చుట్ట కాల్చేవాడు. ఇప్పుడు బస్సులో ఎవరైనా ముట్టిస్తే నలుగురు లేస్తారు. పాతికేళ్లలో మనమే మారాం. వినని జనం కాదు మనం.

లోపం వేరే చోట ఉంది. జరిమానా 200 రూపాయల దాకా. 2003 చట్టంలో పెట్టిన మొత్తమే అది, నా దృష్టిలో పెంచాల్సిందే. పోలీసులే రావాలని కూడా లేదు. స్టేషన్ మాస్టర్, ఆసుపత్రి సూపరింటెండెంట్, బడి హెడ్మాస్టరు లాంటివాళ్లకి కూడా వాళ్ల వాళ్ల చోట జరిమానా వేసే అధికారం ఇచ్చారు. కానీ తాగేవాణ్ణి పట్టుకుని రసీదు రాయడం కంటే, స్థలం నడిపే నాలాంటివాణ్ణి అడగడం వల్ల ఎక్కువ పని జరుగుతుందని నా నమ్మకం. తాగేవాళ్లు రోజుకి వందలమంది వస్తారు, పోతారు. నేను ఒక్కణ్ణే అక్కడే ఉంటాను. ఒక్కసారి ఎవరైనా వచ్చి ఆ తాడు పీకించి ఉంటే మామకి కొన్నేళ్లు కలిసొచ్చేవి.

మామని చూపించి వచ్చిన మర్నాడే సిగరెట్ పెట్టెలు తీసేశాను. మా ఆవిడకి టెన్షన్. అద్దె ఎట్లా కట్టాలని. మొదటి మూడు నెలలు బేరం బాగా పడిపోయింది, అబద్ధం చెప్పను. పాతకాపులు నలుగురైదుగురు పక్క బంకుకి మారిపోయారు, ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. బోర్డు పెట్టాను. నియమం ప్రకారం అది 60 సెంటీమీటర్ల పొడుగు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. బోర్డు చూసి ఆగేవాళ్లు తక్కువ, మనిషి నోటితో చెప్తేనే ఆగుతారు. చెప్పే తీరు కూడా ముఖ్యం. "ఇక్కడ తాగకూడదు" అంటే గొడవ. "సామీ, లోపల పసిబిడ్డ ఉంది, కొంచెం ఆ చివరికి పోయి తాగి రాండి, టీ వేడిగా ఇస్తా" అంటే నూటికి తొంభై మంది తల ఊపి పోతారు. ఒకసారి మాత్రం ఒక పెద్దాయన, "నా డబ్బులు, నా బీడీ, నీకేంది?" అని గ్లాసు బల్ల మీద కొట్టి పోయాడు. మర్నాడు వచ్చాడు. సందు చివర తాగి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఆరు నెలలు దాటాక ఆడవాళ్లు, పిల్లలతో వచ్చే యాత్రికులు లోపల కూర్చోవడం మొదలుపెట్టారు. ముందు గ్లాసు చేతిలో పట్టుకుని బయటే నిలబడేవాళ్లు, అది ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. టీతో పాటు బన్ను, ఉప్మా కూడా పోతున్నాయి. పాత బేరం పూర్తిగా తిరిగి రాలేదు, కానీ అద్దె కడుతున్నాను.

మామ పల్లెకి వెళ్లిపోయాడు. ఇన్‌హేలర్ వాడుతున్నాడు, బరువు పని చెయ్యలేడు. ఈ జబ్బు ముదరకుండా చూసుకోవచ్చు గానీ పోయిన ఊపిరి తిరిగి రాదట.

మీరు స్వేచ్ఛ అని అడిగారంటే మీ ఇంట్లోనో, స్నేహితుల్లోనో తాగేవాళ్లు ఉన్నారేమో అనిపించింది. వాళ్ల మీద నాకు కోపం లేదు. అలవాటు ఎంత పట్టి ఉంటుందో గల్లా దగ్గర కూర్చుని తొమ్మిదేళ్లు చూశాను. మానాలనుకునేవాళ్లకి 1800-11-2356 అని ప్రభుత్వం వారి ఉచిత నంబరు ఉంది, సిగరెట్ పెట్టెల మీద కూడా వేస్తున్నారు. దాన్ని మా గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. ఫోన్ చేశామని ఇద్దరు నాతో చెప్పారు. ఒకాయన మానేశాడు. రెండో ఆయన మా బావ. ఇంకా తాగుతున్నాడు, కానీ సందు చివరికి పోయి తాగి వస్తున్నాడు.