ఆ జరిమానా వసూలైందా?

ప్రశ్న: నేను కర్నూలులో లా చదువుతున్నాను. రాక్‌ఫెల్లర్ చమురు కంపెనీకి ఒక అమెరికా ఫెడరల్ జడ్జి దాదాపు మూడు కోట్ల డాలర్ల జరిమానా వేశారని క్లాసులో విన్నాను. ఆయన ఎవరు? ఆ సొమ్ము వసూలైందా?
– ఒక విద్యార్థిని, ఆదోని

జవాబు: ఒక్క సెంటు కూడా వసూలు కాలేదు. ఆ జడ్జి పేరు కెనెసా మౌంటెన్ లాండిస్. అంతర్యుద్ధంలో సైనిక వైద్యుడిగా ఉన్న తండ్రి జార్జియాలో ఏ కొండ దగ్గర గాయపడ్డాడో, 1866లో పుట్టిన కొడుక్కి ఆ కొండ పేరే పెట్టాడు. హైస్కూలు చదువు మధ్యలో ఆపేసిన లాండిస్ షార్ట్‌హ్యాండ్ నేర్చి కోర్టు రిపోర్టరుగా పనిచేశారు. తర్వాత 1891లో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. 1905లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆయనను షికాగోలో ఫెడరల్ జడ్జిగా నియమించారు.

ఇక కేసు సంగతి. ఆదోనిలో రెండు వేరుశెనగ నూనె మిల్లులు ఉన్నాయనుకోండి. రైల్వే ఒక మిల్లు దగ్గర ప్రకటించిన కిరాయి పూర్తిగా తీసుకుని, రెండో మిల్లుకు మాత్రం గుట్టుగా మూడో వంతుకే సరుకు చేరవేస్తే, మొదటి మిల్లు ఎన్నాళ్లు నిలుస్తుంది? రాక్‌ఫెల్లర్ కంపెనీల్లో ఒకటైన స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ ఇండియానా మీద నేరం సరిగ్గా ఇదే: నూరు పౌండ్ల సరుకుకు 18 సెంట్లు కట్టాల్సిన చోట అది 6 సెంట్లే కట్టింది. ఇలాంటి రాయితీలను 1903 నాటి ఎల్కిన్స్ చట్టం నిషేధించింది. ఒక్కో నేరానికి గరిష్ఠ జరిమానా 20,000 డాలర్లు. లాండిస్ ఒక్కో వ్యాగన్‌నూ ఒక్కో నేరంగా లెక్కగట్టి, 1,462 నేరాలకూ గరిష్ఠమే విధించారు. గుణించి చూడండి, 2,92,40,000 డాలర్లు వస్తుంది. 1907 ఆగస్టులో ఆ తీర్పు వెలువడగానే ఆయన జనానికి వీరుడయ్యారు.

మరుసటి ఏడాదే అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. వ్యాగన్ల లెక్కన నేరాలు ఎంచడం తప్పని చెప్పింది. అంతకంటే ముఖ్యంగా, బోనులో ఉన్నది పది లక్షల డాలర్ల మూలధనం గల ఇండియానా కంపెనీ కాగా, విచారణకు నిలబడని న్యూజెర్సీ మాతృసంస్థ ఆస్తిని చూసి శిక్ష కొలవడం చెల్లదని తేల్చింది. రైల్వే రాయితీ చిన్న వ్యాపారిని ముంచుతుందన్న లాండిస్ ఆగ్రహం న్యాయమైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఎదుట లేనివారికి శిక్ష వేయాలన్న తొందరే ఆ తీర్పును కూల్చింది. పునర్విచారణలో, 1909లో, కంపెనీ నిర్దోషిగా బయటపడింది.

1920లో లాండిస్ బేస్‌బాల్ కమిషనర్, అంటే ఆ ఆట లీగులపై సర్వాధికారి, అయ్యారు, 1922 వరకు జడ్జి పదవినీ వదల్లేదు. మ్యాచ్‌లు అమ్ముకున్నారన్న కేసులో జ్యూరీ నిర్దోషులుగా వదిలిన ఆటగాళ్లతో సహా ఎనిమిది మందిని మరునాడే శాశ్వతంగా నిషేధించారు. 1944లో మరణించేదాకా ఆయన హయాంలో పెద్ద లీగుల్లో ఒక్క నల్లజాతి ఆటగాడికీ చోటు దొరకలేదు. ఆ అడ్డుగోడ దాటిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వచ్చింది 1947లో. పరీక్ష కోసమైతే 1907 తీర్పును విడిగా చదవవద్దు, 1908 అప్పీలు తీర్పును పక్కనే పెట్టుకుని చదవండి.