టెక్ సందేహాలు: ఇయర్‌ఫోన్స్‌కి ఖర్చు పెట్టే ముందు మీ చెవి సంగతి చూడండి

ప్రశ్న: రోజూ రానూపోనూ రెండు గంటలు రైల్లోనే గడిచిపోతుంది. ఆ రెండు గంటలూ పాటలు వినడమే నా పని. ఇన్నాళ్లూ ఫోన్‌తో పాటు వచ్చిన ఇయర్‌ఫోన్స్‌తోనే నెట్టుకొచ్చాను. ఈసారి ధర గురించి ఆలోచించకుండా ఒక మంచి ఇన్-ఇయర్ సెట్ కొందామనుకుంటున్నా. ఒకరు నాలుగు డ్రైవర్లున్నది కొనమంటారు, ఇంకొకరు పన్నెండున్నది అంటారు, మరొకరు అసలు వైరే వద్దంటారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: డ్రైవర్ల లెక్క, అంటే లోపల శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్ల లెక్క, కాసేపు పక్కన పెట్టండి. ఇప్పుడు మీ దగ్గరున్న ఇయర్‌ఫోన్స్‌నే చెవుల్లో పెట్టుకుని, పాటేదీ పెట్టకుండా, నోరు మూసుకుని ‘మ్...’ అని ఒక్కసారి కూనిరాగం తీయండి. మీ గొంతు మీకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు గుయ్యిమని వినిపిస్తే టిప్ (చివర ఉండే మెత్తటి తొడుగు) చెవి కాలువని సరిగ్గా మూసిందన్నమాట. మామూలుగానే వినిపిస్తే ఎక్కడో సందుంది. ఒక చెవిలో గుయ్యిమని రెండో చెవిలో ఏమీ లేకపోయినా కంగారు పడకండి, చాలామందికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండవు, ఎడమవైపు మీడియం, కుడివైపు స్మాల్ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

ఈ చిన్న పరీక్షని ముందు పెట్టడానికి కారణం ఉంది. ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్‌లో ఉండే డ్రైవర్ వేలిగోరు కన్నా చిన్నది. అంత చిన్న పొర బేస్ ఇవ్వగలుగుతోందంటే, టిప్‌కీ కర్ణభేరికీ మధ్య బందీ అయిన కాస్త గాలిని నెట్టగలుగుతోంది కాబట్టే. సందు పడిందా, చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే, బేస్ అంతా బయటికి జారిపోతుంది, మిగిలేది పలచటి కీచు శబ్దం. ‘అంత డబ్బు పోశాను, ఏం లాభం, రేకు డబ్బాలా ఉంది’ అని నాకు రాసేవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఇయర్‌ఫోన్స్ శుభ్రంగానే ఉంటాయి. టిప్ మార్చి చూడండి అంటాను. వారం తర్వాత సంబరంగా మళ్లీ రాస్తారు.

పెట్టుకోవడంలోనూ ఒక పద్ధతి ఉంది. కుడి చెవికి పెట్టుకునేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి పైఅంచు పట్టుకుని పైకీ, కొంచెం వెనక్కీ లాగండి. వంకరగా ఉండే చెవి కాలువ కాస్త తిన్నగా అవుతుంది. అప్పుడు టిప్‌ని మెల్లగా తిప్పుతూ లోపలికి జరిపి, చెవిని వదిలేయండి. ఫోమ్ టిప్ అయితే ముందు వేళ్ల మధ్య నలిపి సన్నగా చేయాలి, లోపల పెట్టాక అది ఉబ్బి సర్దుకునేదాకా పదిహేను, ఇరవై సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. ఫోమ్ బయటి రొదని బాగా ఆపుతుంది, చెవికి మెత్తగా ఉంటుంది, కానీ ట్రెబుల్‌ని, అంటే పైస్థాయి స్వరాల్ని, కొంచెం మింగేస్తుంది, పైగా కొన్ని నెలలకే బిగువు పోయి మార్చాల్సి వస్తుంది. నాకు సిలికాన్‌తోనే పని జరిగిపోతోంది. మీకు ఏది కుదురుతుందో పెట్టి చూసుకుంటే తప్ప తెలియదు.

ఇక ధర. 2017లో ఒక పరిశోధన వచ్చింది, 283 హెడ్‌ఫోన్ల ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ స్థాయి స్వరం ఎంత గట్టిగా మోగుతుందో చూపే లెక్క) కొలిచి, దాన్ని వాటి ధరతో పోల్చి చూశారు. తేలిందేమిటంటే, రెండింటికీ సంబంధమే లేదు. డబ్బు పెడితే గట్టి తయారీ, మంచి కేబుల్, ఒంటికి నప్పే ఆకారం, జత రెండువైపులా ఒకేలా మోగడం లాంటివి వస్తాయేమో గానీ, పదింతలు ఎక్కువ పెట్టినంత మాత్రాన పాట పదింతలు బాగుండదు. డ్రైవర్ల సంఖ్య సంగతీ అంతే. సెన్‌హైజర్ ఐఈ 900లో చెవికి ఒక్కటే 7 మిల్లీమీటర్ల డ్రైవర్. షూర్ ఎస్ఈ846లో చెవికి నాలుగు. ఈ తరహా నాణ్యమైన ఇన్-ఇయర్లకి దారి చూపిన ఎటిమోటిక్ ఈఆర్-4, 1991లో వచ్చింది, వినికిడి యంత్రాల్లో వాడే రకం డ్రైవర్ ఒక్కటే పెట్టి చేశారు, ఇప్పటికీ దాని వారసులకి అభిమానులున్నారు. డ్రైవర్లు పెరిగేకొద్దీ ఏది ఎంత పాడాలో పంచి పెట్టే క్రాసోవర్ సర్క్యూట్ పని కష్టమవుతుంది. బాగా కుదిరితే అద్భుతమే, కుదరకపోతే నలుగురు నాలుగు శ్రుతుల్లో పాడినట్టుంటుంది. పన్నెండు అనే అంకె అట్ట పెట్టె మీద బాగుంటుంది, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న, వైరా, వైర్‌లెస్సా? మీరు వినేది రైల్లో. రైలు, బస్సు, విమానం, వీటి రొదలో ఎక్కువ భాగం కింది స్థాయి గుర్రుశబ్దం, ఒకే తీరుగా సాగేది. అది సరిగ్గా పాటలోని బేస్ ఉండే చోటే వచ్చి కూర్చుంటుంది, బేస్ గిటారూ మృదంగం ఎడమ చేతి దెబ్బా దాని కింద మునిగిపోతాయి. మీరేం చేస్తారు, వాల్యూమ్ పెంచుతారు. నాయిస్ క్యాన్సిలేషన్ బాగా పని చేసేది ఈ గుర్రు మీదే. మైకుతో బయటి శబ్దం పట్టుకుని, దానికి ఎదురు తరంగం పుట్టించి కొట్టేస్తుంది. మనుషుల మాటలు, పసిపిల్లల ఏడుపు లాంటి పైస్థాయి శబ్దాల దగ్గర దాని బలం తగ్గిపోతుంది, అక్కడ మళ్లీ టిప్పే దిక్కు. అందుకే టిప్ సరిగ్గా కూర్చోకపోతే ఎంత గొప్ప క్యాన్సిలేషనైనా సగమే పని చేస్తుంది.

కాబట్టి సూటిగా చెప్తాను. రెండు గంటలూ రైల్లోనే అయితే నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న వైర్‌లెస్ బడ్స్ తీసుకోండి. సోనీ డబ్ల్యూఎఫ్-1000ఎక్స్ఎం5, బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా, ఐఫోన్ వాడుతుంటే ఎయిర్‌పాడ్స్ ప్రో, వీటిలో మీ చెవికి ఏది సర్దుకుంటే అది. ఐఫోన్‌లో ఎయిర్‌పాడ్స్ ప్రోకి టిప్ సరిపోయిందో లేదో చూసే పరీక్ష సెట్టింగ్స్‌లోనే ఉంది, ఒక్క నిమిషం పని, చాలామంది దాని జోలికే పోరు. నిశ్శబ్దపు గదిలో పక్కపక్కన పెట్టి వింటే మంచి వైరు సెట్ వీటికన్నా బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ కదిలే రైల్లో ఆ సున్నితమైన తేడా ఎవరికి వినిపిస్తుంది చెప్పండి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అయితే ఉన్న డబ్బంతా అక్కడే పోయకండి. వైర్‌లెస్ బడ్స్‌లోని బుల్లి బ్యాటరీలు రోజూ వాడితే రెండు మూడేళ్లకి నీరసపడతాయి, వాటిని మార్చడం దాదాపు కుదరని పని. వైరు సెట్‌లో అరిగేది ముఖ్యంగా కేబులే, అది ఊడదీసి మార్చుకునే రకం కొంటే పదేళ్లయినా వాడొచ్చు. ఇంట్లోనో, ఆఫీసులో మీ బల్ల దగ్గరో కూడా వినే అలవాటుంటే మధ్యరకం ధరలో ఒక వైరు సెట్ ఉంచుకోండి. నేను అలాగే చేస్తున్నా, రెండూ కలిపినా ‘ఫ్లాగ్‌షిప్’ ఒక్కదాని ధర కూడా కాదు.

వైరు సెట్‌తోనే నడవాలనుకుంటే ఒక చిరాకు ఉంది, కేబుల్ చొక్కాకి రాసుకున్నప్పుడల్లా చెవిలో గరగరమంటుంది. కేబుల్‌ని చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకుంటే చాలావరకు పోతుంది. మీ అడుగుల చప్పుడు మాత్రం దబ్ దబ్ అని తలలో వినిపిస్తూనే ఉంటుంది, చెవి మూసుకుంటే ఎముక గుండా వచ్చే శబ్దం పెరుగుతుంది మరి. రోడ్డు దాటేటప్పుడు ఏ సెట్ అయినా ఒక చెవి తీసేయండి, లేదా బయటి శబ్దాన్ని లోపలికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ వేసుకోండి. ఇంకోటి, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి. బయటి రొద ఆగితే వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది, నాయిస్ క్యాన్సిలేషన్‌కి డబ్బు పెట్టమనడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ప్రశ్న: ఎల్‌డీఏసీ ఉందని, హై-రెస్ గుర్తు ఉందని చూసి మరీ ఇయర్‌బడ్స్ కొన్నాను. నా ఐఫోన్‌తో పాత బడ్స్‌కీ వీటికీ తేడా తెలియడం లేదు. పీస్ డూప్లికేటా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: డూప్లికేట్ అనుకోనక్కర్లేదు. ఐఫోన్ బ్లూటూత్‌లో ఎస్‌బీసీ, ఏఏసీ కోడెక్‌లే పంపుతుంది, ఎక్కువ డేటా పంపే ఎల్‌డీఏసీ అనే కోడెక్ దానికి రాదు. కోడెక్ అంటే రెండువైపులా తెలిసిన భాష అనుకోండి, మీ బడ్స్‌కి వచ్చినా ఫోన్‌కి రాకపోతే మాట సాగదు, ఇద్దరికీ వచ్చిన ఏఏసీలో నడుస్తుంది. ఏఏసీ కూడా ఐఫోన్‌లో బాగానే ఉంటుంది, బెంగ వద్దు.

ఆండ్రాయిడ్ వాళ్లకి ఒక మాట. ఎల్‌డీఏసీ సెకనుకి 330, 660, 990 కిలోబిట్ల మూడు వేగాల్లో పని చేస్తుంది. 990 అని సంబరపడి డెవలపర్ ఆప్షన్స్‌లో దాన్నే బిగించేసి, రద్దీగా ఉన్న స్టేషన్‌లో పాట తెగి తెగి వస్తోందని నాకు రాస్తారు. అంత మందం ధార గాల్లో నిలకడగా పోవాలంటే చుట్టూ పదుల కొద్దీ బ్లూటూత్‌లు, వైఫైలు గోల చేయకూడదు. ప్రయాణంలో కనెక్షన్ నిలకడకి ప్రాధాన్యం ఇచ్చే సెట్టింగ్ పెట్టుకోండి. సీడీ అసలు వేగమే 1,411 కిలోబిట్లు, కాబట్టి 990లోనూ ఎంతోకొంత కుదింపు ఉండేదే. దాని కోసం పాట తెగకొట్టుకోవడం నాకు తెలివైన బేరంలా అనిపించదు.

ప్రశ్న: స్నేహితుడు తన షూర్ ఎస్ఈ846 నెల రోజులు వాడుకోమని ఇచ్చాడు. ఫోన్‌కి జాక్ లేదు కాబట్టి ల్యాప్‌టాప్‌కి పెట్టాను, పాట ఆగినప్పుడు సుయ్‌మని చప్పుడు. ఇంత ఖరీదైన దానిలో ఇదేంటి?

జవాబు: తప్పు ఇయర్‌ఫోన్స్‌ది కాదు, అవి చాలా సున్నితమైనవి. ఒక్క మిల్లీవాట్‌కే 114 డెసిబెల్స్ మోగుతాయి, ఇంపీడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) 9 ఓమ్‌లే. మామూలు ఇయర్‌ఫోన్స్‌లో వినపడని ల్యాప్‌టాప్ కరెంటు సొద కూడా వీటిలో వినపడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ల్యాప్‌టాప్ జాక్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉంటే ఇలాంటి బహుళ డ్రైవర్ల సెట్‌లో ఒకచోట స్వరం తగ్గి, ఇంకోచోట పెరిగి, మొత్తం రంగే మారిపోతుంది. అంటే మీ స్నేహితుడు మెచ్చుకుని కొన్న శబ్దం మీరు అసలు వినలేదన్నమాట. ఆడియో వాళ్లు పాటించే కొండ గుర్తు ఏంటంటే, జాక్ ఇంపీడెన్స్ ఇయర్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదు. మీ విషయంలో ఒక ఓమ్ కన్నా కాస్త ఎక్కువ, అంతే.

విరుగుడు చిన్నది, యూఎస్‌బీ-సీ డాంగిల్. వేలెడంత ఉంటుంది, లోపల డీఏసీ (డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్స్ మోగించే సిగ్నల్‌గా మార్చే చిప్), యాంప్లిఫయర్ రెండూ ఉంటాయి. మంచివాటిలో అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఒక ఓమ్ లోపే. డబ్బా మీద డీఏసీ అని రాసి ఉందో లేదో చూసి కొనండి, లోపల ఏమీ లేకుండా ఉత్త తీగలతో చేసిన అడాప్టర్లు కూడా అమ్ముతారు, అవి చాలా ఫోన్లలో మోగనే మోగవు. ఆపిల్ డాంగిల్ ఐఫోన్‌తోనూ, ల్యాప్‌టాప్‌తోనూ ముచ్చటగా పని చేస్తుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మాత్రం సౌండ్ బాగా తగ్గిపోయి వస్తుంది. మీ ఇయర్‌ఫోన్స్ అంత సున్నితం కాబట్టి మీకు అదీ సరిపోవచ్చు. మీ స్నేహితుడి సెట్‌ని దానికి ఒకసారి తగిలించి చూడండి.

ప్రశ్న: ఆరు నెలలుగా వాడుతున్న ఇయర్‌ఫోన్స్‌లో ఎడమవైపు సౌండ్ తగ్గుతూ వస్తోంది. సర్వీసుకి ఇవ్వాలా?

జవాబు: ఇవ్వకండి, ముందు నా కథ వినండి. నాదీ ఇలాగే ఎడమవైపు మూగబోయింది. కేబుల్ మార్చాను, ఫోన్ మార్చి చూశాను, డ్రైవర్ పోయిందని తీర్మానించుకుని కొత్త సెట్ ఆర్డర్ పెట్టేశాను. అది వచ్చిన రోజు పాతదాని టిప్ ఊడదీసి దీపం దగ్గర పట్టుకుని చూస్తే నాజిల్ (టిప్ తొడిగే గొట్టం) చివరి జాలీ కనపడనే లేదు, గులిమి పేరుకుపోయి మైనం పూసినట్టుంది. రెండు నిమిషాల పని. కొత్త సెట్ పెట్టె ఇప్పటికీ నన్ను చూసి నవ్వుతూ ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇదీ. టిప్ తీసేసి దాన్ని గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, ఫోమ్ అయితే కడగకుండా కొత్తది వేయండి. ఇయర్‌ఫోన్ నాజిల్‌ని నేలవైపు ఉండేలా పట్టుకుని, పొడి మెత్తటి టూత్‌బ్రష్‌తో జాలీ మీద కిందినుంచి మెల్లగా రుద్దండి, ఊడిన మురికి లోపలికి పోకుండా కింద పడుతుంది. పిన్నీసు, సూది లాంటివి పెట్టి పొడవద్దు, జాలీ చిరిగితే డ్రైవర్ దాకా దారి తెరిచినట్టే. నోటితో ఊదొద్దు, తేమ లోపలికి పోతుంది. ఇంత చేశాక కూడా ఎడమవైపు సౌండ్ తక్కువగానే ఉంటే, కేబుల్ ఊడదీసే రకమైతే, దాన్ని కుడి ఎడమలు మార్చి తగిలించి చూడండి. సమస్య కుడివైపుకి మారితే కేబుల్ పోయింది, ఎడమవైపే ఉండిపోతే అప్పుడు సర్వీసుకి ఇవ్వండి.