మూతపడ్డ ఉప్పుడు బియ్యం మిల్లు మీద డాక్యుమెంటరీ: డ్రోన్ షాట్లు సరిపోతాయా, మనుషులు కూడా కావాలా?

మండపేట వైపు మూతపడ్డ మిల్లు మీద సినిమా తీస్తున్నానన్నారు. మనుషులు కావాలండి. అసలు వాళ్ళతోనే మొదలుపెట్టండి.

మా అమ్మ అలాంటి మిల్లులోనే కళ్ళంలో పనిచేసేది. అది మూసేశాక తెలిసినాయన ఒకరు వీడియో తీశారు. గోడని చీల్చుకొచ్చిన రావిచెట్టు, తుప్పు పట్టిన బాయిలరు, సాయంత్రం ఎండలో పొగగొట్టం. చూడ్డానికి చాలా బాగుంది. అమ్మ మాత్రం "తొట్లేవి?" అని అడిగింది. ధాన్యం నానబెట్టే తొట్లు పిచ్చిమొక్కల చాటున ఉండిపోయాయి. నానిన ధాన్యానికి ఊక మంట మీద ఆవిరి పట్టి, వేడివేడిగా కళ్ళంలో పోస్తే, ఆడవాళ్ళు కాళ్ళతో తిరగేస్తూ ఆరబెట్టేవారు. మబ్బు పట్టిందంటే పరుగులే. ఆ బియ్యం కేరళకి వెళ్ళేది. డ్రయ్యర్లు వచ్చాక కళ్ళం పని పోయింది. ఇదంతా తుప్పు పట్టిన రేకుని చూస్తే ఎవరికి తెలుస్తుంది?

పైగా మన డెల్టాలో తేమ ఎక్కువ. పదేళ్ళు వదిలేస్తే షెడ్డు పాతకాలపు కోటలా తయారవుతుంది. జీతం బకాయిల కోసం ఇంకా తిరుగుతున్నవాళ్ళున్నా, తెర మీద అదంతా ఎప్పటిదో అనిపిస్తుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆస్ట్రియా దర్శకుడు నికోలస్ గేర్‌హాల్టర్ 2016లో తీసిన 'హోమో సేపియన్స్'లో ఒక్క మనిషీ కనపడడు, వ్యాఖ్యానమూ ఉండదు. ఫుకుషిమా లాంటి, జనం ఖాళీ చేసిన చోట్లకి అది సరిపోయింది. మీ మిల్లువాళ్ళు పక్క వీధిలోనే ఉన్నారు కదా. మీరు చూడాల్సింది చైనా దర్శకుడు వాంగ్ బింగ్ తీసిన 'వెస్ట్ ఆఫ్ ద ట్రాక్స్'. షెన్యాంగ్ నగరంలో ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజుల్లోనే చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని వాటిలో తిరిగాడు. నిడివి తొమ్మిది గంటల పైనే. కార్మికులు విశ్రాంతి గదిలో కబుర్లాడుకోవడం, స్నానాలు చేయడం, గొడవపడడం అన్నీ ఉంటాయి. అందుకే తర్వాత ఖాళీ గది కనపడితే అక్కడ ఎవరు కూర్చునేవారో మనకి తెలుస్తుంది.

మీకిప్పుడు మిల్లు నడిచే రోజులు దొరకవు. ఓనరు అనుమతి తీసుకుని, బస్తాలు మోసిన పాత ముఠా కూలీల్నీ కళ్ళం ఆడవాళ్ళనీ లోపలికి తీసుకెళ్ళండి. "మీకేమనిపిస్తోంది?" అని అడక్కండి. "బస్తాలు ఎటు మోసేవారు? అన్నం ఎక్కడ తినేవారు?" అని అడగండి, చేతులతో చూపిస్తూ వాళ్ళే చెప్తారు. పాత రేకుల కింద, తొట్ల అంచుల మీద మాత్రం ఎవర్నీ నిలబెట్టకండి. డ్రోన్ షాట్ ఒక్కటి చాలు, అదీ మిల్లుతోపాటు కూలీల పేట కూడా కనపడేలా తీయండి.