తాబేలు డిప్ప మీది గుల్లలను గీకవద్దు

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరంలో కదలలేక పడి ఉన్న సముద్ర తాబేలును చూశామని రాశారు. డిప్ప నిండా అతుక్కుని పెరిగిన తెల్లని గుల్లలు (బార్నకిల్స్), మెడ ముడతల్లో చిన్న చిన్న జలగలు. ఇది పురుగుల వల్ల వచ్చిన జబ్బేనా, గుల్లలు గీకి సముద్రంలోకి తోసేస్తే బతుకుతుందా, మాకూ అంటుకుంటుందా అని అడిగారు. గీకవద్దు, తోయవద్దు. ఒకసారి ఆ రెండు పనులూ నేనే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను పశువైద్యుడిని. గార మండలంలో పనిచేసిన రోజుల్లో నా కాలమంతా గేదెలతో, గొర్రెలతో గడిచేది. ఒక ఫిబ్రవరి ఉదయం కళింగపట్నం దగ్గరి నుంచి ఒక వృద్ధ మత్స్యకారుడు కబురు పంపాడు. వెళ్లేసరికి తాబేలు మీద తడి తువ్వాలు కప్పి, కుక్కలు రాకుండా కాపలా కూర్చుని ఉన్నాడు. కూర్మనాథుడి గుడి ఉన్న శ్రీకూర్మం అక్కడికి ఎంతో దూరం కాదు. "కూర్మనాథుడి రూపం బాబూ, వదిలేసి ఎలా పోతాను" అన్నాడు. నేను ఆ గుల్లలే దాని ప్రాణం తీస్తున్నాయనుకున్నాను. చాకుతో గీకుతుంటే డిప్ప పెచ్చులు లేచి రక్తం చిమ్మింది. అయినా ఆపలేదు. తర్వాత నలుగురం కలిసి అలల అవతలికి తోశాం. మర్నాడు అదే తాబేలు అర కిలోమీటరు అవతల ఒడ్డున చచ్చి పడి ఉంది. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకు మాత్రం చాలా రోజులు నిద్ర పట్టలేదు. సముద్ర తాబేళ్ల జబ్బుల గురించి చదవడం అప్పుడే మొదలుపెట్టాను.

నాకు అర్థమైంది ఇది. మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే జాతి తాబేలు ఆరోగ్యంగా ఉంటే చురుగ్గా ఈదుతుంది, లోతుకు మునుగుతుంది. దాని మీద గుల్లలు కొన్నే ఉంటాయి, వాటితో పెద్ద హాని లేదు. నీరసించిన తాబేలు నీటి పైన తేలుతూ ఉండిపోతుంది. కదలిక లేని దుంగకు పట్టినట్టు దానికి గుల్లలు దట్టంగా పడతాయి, జలగలు పెరుగుతాయి. కాబట్టి మీరు చూసిన గుల్లలు సాధారణంగా జబ్బుకు ఆనవాలే తప్ప మూలం కాదు. జలగల సంగతి కొంచెం వేరు. ఒజోబ్రాంకస్ అనే ఆ జలగ గుడ్లు పెట్టేది కూడా తాబేలు ఒంటి మీదే. ఎక్కువైతే రక్తం పీల్చి అసలే నీరసంగా ఉన్న జీవిని మరింత కుంగదీస్తుంది. పచ్చ తాబేళ్లు అనే మరో సముద్ర జాతిలో కణితులు తెచ్చే హెర్పిస్ వైరస్‌ను ఒకదాని నుంచి మరొకదానికి మోసేది ఈ జలగలేనన్న అనుమానం శాస్త్రవేత్తల్లో ఉంది.

అసలు పురుగులు ఒంటి లోపల ఉంటాయి, బయటికి కనిపించవు. గొర్రెలు పెంచేవారికి కార్జపు జలగ తెలుసు. నత్తలో పెరిగి, గడ్డి మీదికి చేరి, గొర్రె కార్జంలోకి వెళ్తుంది. దానికి వరసైనవే సముద్ర తాబేళ్లలోనూ ఉన్నాయి. స్పైరార్కిడ్లు అంటారు. ఇవి కాపురం ఉండేది గుండెలో, పెద్ద రక్తనాళాల్లో. నీటిలోని నత్త జాతుల వంటి జీవుల్లో పెరిగిన పిల్ల పురుగులు బయటికి ఈదుకుంటూ వచ్చి తాబేలు ఒంట్లోకి చొచ్చుకుపోతాయి. పెద్ద పురుగుల కన్నా వాటి గుడ్లు చేసే నష్టమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. గుడ్లు రక్తంతో పాటు కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, చివరికి మెదడులో కూడా ఇరుక్కుంటాయి. చుట్టూ గట్టి కణుపులు కడతాయి, నాళాల గోడలు మందమవుతాయి, రక్తం గడ్డకడుతుంది. అలాగని పురుగు ఉన్న ప్రతి తాబేలూ చావదు. చాలా తాబేళ్లు వాటితోనే బతికేస్తాయి.

కోళ్లలో రక్త విరేచనాలు తెచ్చే కాక్సిడియా వంటి సూక్ష్మజీవి కూడా ఒకటి ఉంది. 1991లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆగ్నేయ తీరంలో అది పచ్చ తాబేళ్లను పెద్ద సంఖ్యలో చంపింది. పేగులతో పాటు మెదడునూ దెబ్బతీసింది.

ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. కొన్నేళ్ల తర్వాత అటవీ సిబ్బంది సమక్షంలో ఒక తాబేలుకు శవపరీక్ష చేశాను. గుండెను కోసి ఉప్పునీటితో కడిగితే బియ్యపు నూక అంతటి పురుగులు రెండు మూడు కనిపించాయి. పక్కనున్న ఒకరు "పురుగుల వల్లే చనిపోయిందని రాసేయండి" అన్నారు. కానీ దాని కండ నిండుగా ఉంది, డిప్ప కింద కొవ్వు పుష్కలంగా ఉంది, కడుపులో అప్పుడే తిన్న పీతల ముక్కలున్నాయి. శ్వాసనాళం నిండా నురగ. జబ్బుతో చిక్కి చచ్చే జీవికి ఆ కండ ఉండదు. అది వలలో చిక్కి, పైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోయిన తాబేలు. అలాగే రాశాను. గుడ్లు పెట్టే కాలంలో మన తీరానికి కొట్టుకొచ్చే కళేబరాలన్నింటికీ పురుగులనో జబ్బులనో కారణంగా చూపితే, మరబోట్ల వలలకు తాబేళ్లు తప్పించుకునే పరికరం బిగించాలన్న మాటే వెనక్కి పోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కానీ, తాబేళ్లు గుడ్లకు వచ్చేది అంతకు ముందే.

ఇప్పుడు మీరు చేయవలసింది. తాబేలును నీడకు చేర్చండి, తడి గుడ్డ కప్పండి, ముక్కు రంధ్రాలు మాత్రం మూయకండి. వెల్లకిలా తిప్పవద్దు. అచేతనంగా ఉంటే వెనక భాగం కింద జానెడు ఎత్తు పెట్టండి, ఊపిరితిత్తుల్లో నీరుంటే కారిపోతుంది. నోట్లో నీళ్లు పోయవద్దు, తిండి పెట్టవద్దు. వెంటనే అటవీ శాఖ రేంజి కార్యాలయానికి చెప్పండి. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జీవి, వాళ్లు రావలసిందే. సంరక్షణ కేంద్రాల్లో మంచినీటి తొట్టిలో ఉంచి గుల్లలు, జలగలు వాటంతట అవే రాలేలా చేస్తారు. లోపలి పురుగులకు ప్రాజిక్వాంటెల్ ఇస్తారు. మోతాదు బరువును, నీరసాన్ని చూసి వైద్యుడు తేల్చాలి. మన పశువులకు తాగించే మందు తెచ్చి పోయకండి.

మీకు అంటుకుంటుందా అన్నారు. తాబేళ్ల నుంచి మనుషులకు ముఖ్యంగా రాగలది సాల్మొనెల్లా, విరేచనాలు తెచ్చే బ్యాక్టీరియా. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్నపిల్లలను దూరంగా ఉంచండి.

తాబేలు ఇంకా బతికే ఉంటే దాని కళ్లు గుంటలు పడ్డాయా, మెడ సన్నబడి ఎముక తేలిందా చూసి ఇక్కడ రాయండి. జబ్బు పాతదా, నిన్న మొన్న వలలో తగిలిన దెబ్బా అన్నది వాటిని బట్టి కొంత చెప్పగలను.