అమెరికాలో ఫెడరల్ ఉద్యోగం: వివక్ష ఫిర్యాదును శాఖ తోసిపుచ్చితే అప్పీలు ఎలా?

అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఇక్కడి కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో, అంటే అందరూ ఫెడరల్ ఉద్యోగాలనే వాటిలో, చేరిన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వారిలో కొందరు పదోన్నతి దగ్గరో పనితీరు మదింపులోనో తమ జాతి, పుట్టిన దేశం, మతం, వయసు కారణంగా అన్యాయం జరిగిందని ఫిర్యాదు చేస్తారు. "వివక్ష రుజువు కాలేదు" అని శాఖ నుంచి ఉత్తరం వచ్చాక, ఇప్పుడు అప్పీలు చేస్తే నెగ్గుతామా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు ఆ ఉత్తరంలో కన్నా, అంతకు ఎన్నో నెలల ముందు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలంలోనే ఎక్కువగా ఉంటుంది. అప్పీలు వినేవారు అప్పటికే తయారైన దస్త్రాన్ని చదివి తీర్పు చెబుతారు గనుక, దస్త్రంలో లేని సంగతిని అప్పుడు కొత్తగా చెప్పుకునే వీలు దాదాపు ఉండదు. అందుకే అప్పీలు గురించి చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పక తప్పదు.

ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే 1964 నాటి పౌర హక్కుల చట్టంలోని ఏడో అధ్యాయాన్ని 1972లో ఫెడరల్ ఉద్యోగులకూ వర్తింపజేశారు. వయసు, వైకల్యం విషయాల్లో వేరే చట్టాలున్నా దారి ఇంచుమించు ఒకటే. ప్రైవేటు కంపెనీ ఉద్యోగి నేరుగా సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు, వాడుకలో ఈఈఓసీకి, వెళ్తాడు. ఫెడరల్ ఉద్యోగి మాత్రం ముందు తన శాఖలోని ఈఈఓ (సమాన ఉపాధి అవకాశాల) కౌన్సెలర్ దగ్గరికే వెళ్ళాలి, అదీ సంఘటన జరిగిన 45 రోజుల్లోగా. మనలో చాలామంది చతికిలపడేది ఇక్కడే. మన ఊళ్ళో ప్రభుత్వోద్యోగుల ఇళ్ళలో పెరిగినవాళ్ళకు పై అధికారికి రిప్రజెంటేషన్ పెట్టుకుని, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టడం మర్యాదగా తోస్తుంది. ఇక్కడ మీరు మేనేజరుకు, ఆయన పైవాడికి, మానవ వనరుల విభాగానికి ఎన్ని వినతులు పంపినా ఆ 45 రోజుల లెక్క ఆగదు. వినతి పంపవద్దని నేననను. పంపిన రోజే కౌన్సెలర్‌కు కూడా ఒక ఈమెయిల్ పంపండి అంటాను.

కౌన్సెలింగ్ దశలో రాజీ కుదరకపోతే, లిఖితపూర్వక ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చని నోటీసు ఇస్తారు. అది అందిన 15 రోజుల్లో ఫిర్యాదు దాఖలు చేయాలి. శాఖ దాన్ని స్వీకరిస్తే సాధారణంగా 180 రోజుల్లో దర్యాప్తు పూర్తి చేయాలి. దర్యాప్తు అధికారి మీకు ప్రశ్నావళి పంపి, జవాబులను అఫిడవిట్ రూపంలో అడుగుతారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన కాగితం ఇదే, మనవాళ్ళు అతి తక్కువ సమయం పెట్టేదీ దీని మీదనే. "ఈ నిర్ణయానికి మీరు పుట్టిన దేశం కారణమని ఎందుకు అనుకుంటున్నారు?" అని అందులో తప్పకుండా ఒక ప్రశ్న ఉంటుంది. దానికి "నన్ను ఎప్పుడూ చిన్నచూపు చూసేవారు, నా కష్టాన్ని గుర్తించలేదు" అని రాస్తే అది మీ మనసులోని బాధను చెబుతుందే తప్ప సాక్ష్యం కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫెడరల్ జీతాల శ్రేణిలో జీఎస్-12 స్థాయిలో ఉన్న ఒకామె, దానికి పై మెట్టు అయిన జీఎస్-13 పదవికి దరఖాస్తు చేసింది. ఇంటర్వ్యూ ప్యానెల్ ఆమెకు సాంకేతిక జ్ఞానంలో మంచి మార్కులే వేసి, "స్పష్టంగా మాట్లాడగలగడం" అన్న గడిలో అయిదుకు రెండు వేసింది. ఎంపికైన వ్యక్తికి అదే గడిలో అయిదు పడ్డాయి, కానీ ఆ విభాగంలో అనుభవం ఆమె కన్నా తక్కువ. అదే ప్యానెల్లో కూర్చున్న సూపర్‌వైజరు అంతకు ముందు ఏడాది మదింపులో ఆమె ఇచ్చిన ప్రజెంటేషన్లను మెచ్చుకుంటూ తన చేత్తోనే రాశారు. ఇప్పుడు ఆమె వాంగ్మూలంలో ఉండవలసింది ఈ మూడు కాగితాల మధ్య పొసగనితనం. ఉద్యోగి యాస పని నిర్వహణకు నిజంగా అడ్డుపడితేనే దాన్ని కారణంగా చూపవచ్చునని ఈఈఓసీ చాలాకాలంగా చెబుతోంది. కాబట్టి "మాట స్పష్టత" అన్న కారణం వెనుక ఉన్నది యాసేనా అని తేల్చమని, ప్యానెల్ సభ్యుల చేతిరాత నోట్సును దస్త్రంలో చేర్చమని, ఫలానా సహోద్యోగిని సాక్షిగా విచారించమని ఆమె దర్యాప్తు అధికారిని రాతపూర్వకంగా కోరాలి. అధికారి కాదన్నా, కోరినట్టు ఆధారం దస్త్రంలో మిగులుతుంది. 1973లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఏర్పరచిన విచారణ క్రమం ఈనాటికీ ఇదే: ఫిర్యాది ప్రాథమికంగా వివక్షకు అవకాశం ఉన్నట్టు చూపాలి, యజమాని తన నిర్ణయానికి న్యాయమైన కారణం చెప్పాలి, అప్పుడు ఆ కారణం వట్టి సాకు అని ఫిర్యాది నిరూపించాలి. అప్పీళ్ళలో ఎక్కువ కేసులు ఈ మూడో మెట్టు దగ్గరే ఓడిపోతాయి.

దర్యాప్తు నివేదిక చేతికి అందాక 30 రోజుల్లో మీరు ఒకటి తేల్చుకోవాలి: ఈఈఓసీ అడ్మినిస్ట్రేటివ్ జడ్జి ముందు విచారణ కోరడమా, శాఖనే తుది నిర్ణయం రాయమనడమా. ఊరుకుంటే శాఖే రాస్తుంది. ఎవరి మీద ఫిర్యాదు చేశామో ఆ శాఖే తీర్పు రాసే పద్ధతిని మీరు ఏ ఆశతో ఎంచుకుంటారో నాకు అర్థం కాదు. విచారణ కోరితే అవతలి పక్షం దగ్గరున్న పత్రాలు రాబట్టే అవకాశం, సాక్షులను ప్రమాణం మీద ప్రశ్నించే అవకాశం దొరుకుతాయి. కోరకపోతే ఆ లోటు అప్పీలులోనూ వెంటాడుతుంది. ఫిర్యాది విచారణ కోరలేదు గనుక సాక్షుల్లో ఎవరి మాట నమ్మదగినదో జడ్జి చూసి తేల్చిన అభిప్రాయం తమ ముందు లేదని అప్పీలు తీర్పుల్లో తరచుగా రాస్తారు. రెండు వైపులా మాటకు మాట సరిపోయినప్పుడు నిరూపణ భారం ఉన్నవారే ఓడిపోతారు, ఆ భారం ఫిర్యాదిదే.

ఇక అప్పీలు. శాఖ తుది నిర్ణయం గానీ, జడ్జి తీర్పు మీద శాఖ జారీ చేసిన తుది ఉత్తర్వు గానీ, ఫిర్యాదును విచారణకు ముందే కొట్టివేసిన నోటీసు గానీ అందిన 30 రోజుల్లో ఈఈఓసీలోని ఫెడరల్ ఆపరేషన్స్ కార్యాలయానికి అప్పీలు చేయాలి. ఫారం 573 నింపి కమిషన్ పబ్లిక్ పోర్టల్ ద్వారా పంపవచ్చు. మీకు వకీలు ఉంటే గడువు ఆయనకు అందిన రోజు నుంచి మొదలవుతుంది, మీకు అందిన రోజు నుంచి కాదు. అప్పీలు ప్రతిని అదే సమయంలో శాఖకూ పంపి, ఏ తేదీన ఎలా పంపారో ధ్రువీకరించాలి. మీ వాదనల పత్రానికి, అంటే బ్రీఫ్‌కు, అప్పీలు వేసిన నాటి నుంచి మరో 30 రోజులు ఉంటాయి గనుక, అది సిద్ధం కాలేదని అప్పీలునే ఆపుకోకండి.

విచారణ జరగకుండా శాఖ నిర్ణయించిన కేసును, జడ్జి సాక్షులను వినకుండా సంక్షిప్తంగా తీర్పు చెప్పిన కేసును అప్పీలులో మళ్ళీ మొదటి నుంచి పరిశీలిస్తారు. విచారణ జరిపి జడ్జి నిర్ధారించిన వాస్తవాలను మాత్రం, వాటికి దస్త్రంలో తగినంత ఆధారం ఉన్నంతవరకు, కదిలించరు. కాబట్టి మొదటి రకంలో సాక్ష్యాన్నంతా తిరిగి తూచమని అడగవచ్చు. రెండో రకంలో జడ్జి ఏ సాక్ష్యాన్ని వదిలేశారో, చట్టాన్ని ఎక్కడ పొరపాటుగా అన్వయించారో చూపాలి. బ్రీఫ్ ఏ రకానిదైనా, శాఖ చెప్పిన కారణాన్ని యథాతథంగా ఒక వాక్యంలో రాసి, అది నిలవదని చూపే కాగితం దర్యాప్తు నివేదికలో ఏ పుటలో ఉందో చెబుతూ సాగాలి. మీ సేవాకాలమంతా పడిన అవమానాల చరిత్ర రాయాలనిపిస్తుంది, నాకది అర్థమవుతుంది. కానీ చదివేవారికి కావలసింది పుట సంఖ్య. కొత్త సాక్ష్యం జతచేయాలంటే, తగిన శ్రద్ధతో వెతికినా అది మునుపు దొరికేది కాదని చూపగలగాలి.

అప్పీలులోనూ ఓడితే 30 రోజుల్లో పునఃపరిశీలన కోరవచ్చు గానీ, అది రెండో అప్పీలు కాదు. వాస్తవాన్నో చట్టాన్నో స్పష్టంగా తప్పుగా అర్థం చేసుకున్నారనో, తీర్పు ప్రభావం శాఖ విధానాల మీద గణనీయంగా ఉంటుందనో చూపితేనే వింటారు. లేదంటే 90 రోజుల్లో ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేయవచ్చు. అప్పీలు వేసి 180 రోజులైనా తీర్పు రాకపోతే ఆగకుండా కోర్టుకు వెళ్ళే హక్కుంది, కానీ దావా వేసిన మరుక్షణం ఈఈఓసీలోని అప్పీలు ముగిసిపోతుంది. దావాలో ప్రతివాదిగా పేర్కొనవలసింది మీ శాఖాధిపతినే, మీ సూపర్‌వైజరును కాదు.

దారి మారే సందర్భాలు రెండున్నాయి. ఉద్యోగం నుంచి తొలగింపు, 14 రోజులకు మించిన సస్పెన్షన్, స్థాయి తగ్గింపు వంటి వాటిలో వివక్ష ఉందనుకుంటే శాఖ నిర్ణయంపై అప్పీలు సాధారణంగా ఈఈఓసీకి కాక, ఫెడరల్ ఉద్యోగుల మీద తీసుకున్న ఇలాంటి చర్యలపై అప్పీళ్ళు వినే మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డుకు వెళ్తుంది. నోటీసు చివరి పుటలో మీ అప్పీలు ఎవరికో రాసి ఉంటుంది, అది చదవకుండా ఏ ఫారమూ నింపకండి. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారికి పైన చెప్పిన పద్ధతి వర్తించదు. వారు రాష్ట్రాన్ని బట్టి 180 లేదా 300 రోజుల్లో ఈఈఓసీ దగ్గరే ఫిర్యాదు దాఖలు చేయాలి.

అప్పీలు నడుస్తుండగా మీ మదింపు తగ్గించినా, మీ పనులు లాక్కున్నా అది కక్షసాధింపు కావచ్చు. చట్టం దానిని వివక్షతో సమానంగా నిషేధిస్తుంది. కానీ ఆ సంగతిని పాత అప్పీలు బ్రీఫ్‌లో కలిపితే పరిశీలించరు. అది కొత్త ఘటన గనుక, జరిగిన నాటి నుంచి 45 రోజుల్లో మళ్ళీ కౌన్సెలర్‌ను కలిసి, అప్పీలు వేసిన తేదీ, మీ సూపర్‌వైజరుకు ఆ సంగతి తెలిసిన తేదీ, మదింపు తగ్గించిన తేదీ వరుసగా రాసి ఇవ్వండి.