ముందు ఆ ట్యూబు ఫొటో తీసి పంపు

బంగారూ,

నిన్న రాత్రి నువ్వు ఫోను పెట్టీసాక నాకు నిద్దర పట్టలేదే. పెళ్ళిచూపులు ఉన్నాయని మీ అమ్మ మందుల షాపులో ఏదో ట్యూబు తెచ్చింది, నెలన్నరై రాస్తున్నాను, మొదటి వారంలోనే రంగు తేలిపోయింది పెద్దమ్మా అని సంబరంగా చెప్పావు చూడు, ఆ వారం అన్నమాటకే నా గుండె గుభేలుమంది. సున్నిపిండి రుద్దినా పసుపు రాసినా వారంలో ఎవరికీ రంగు మారదు. మారిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం.

ముప్పై రెండేళ్ళు ఏఎన్నెమ్‌గా చేసినదాన్ని, ఊరందరికీ జాగ్రత్తలు చెప్పినదాన్ని, మీ అక్కకి సంబంధాలు చూస్తున్నప్పుడు అలాంటి ట్యూబే నా చేత్తో నేనే తెచ్చి ఇచ్చాను. ఈ సంగతి మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు. పిల్ల చామనచాయ, ఇంకో రెండు లక్షలు వేస్తే వాళ్ళు ఆలోచిస్తారు అని మధ్యవర్తి మా వరండాలో కూర్చుని మా టీ తాగుతూ అన్నాడు, రెండు లక్షల కంటే ట్యూబు చవక కదా అనుకున్నాను, అంతే నా లెక్క. మొదటి నెల ముఖం అద్దంలా మెరిసింది. మూడో నెలకి బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలాయి, గెడ్డం మీద నూగు వెంట్రుకలు, మొటిమలు, ఎండలోకెళ్తే కారం రాసినట్టు మంట. భయపడి ఒక్కసారే ఆపించీసాను, అదింకో తప్పు, నాలుగు రోజులకే ముఖమంతా వాచిపోయింది. తెల్లబడాలని రాసుకుంటే దాని ముఖం ఎర్రబడింది, తెల్లబోయింది మాత్రం నా ముఖం.

ఇప్పుడు ట్యూబు తియ్. కంపెనీ పేరు వదిలీ, చిన్నక్షరాల్లో ఏం రాసుందో చూడు. క్లోబెటాసోల్, బీటామెథసోన్, మొమెటసోన్, వీటిలో ఏదున్నా స్టెరాయిడే. పక్కన హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని కూడా ఉంటే మూడూ కలిపిన మందు, అది మంగుమచ్చలకి డాక్టరు కొన్నాళ్ళకి రాసిచ్చేది, పౌడర్ లాగ రోజూ పూసుకునేది కాదు. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలా వాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో పెట్టారు, అయినా అడగ్గానే చేతిలో పెట్టే షాపులున్నాయి మరి. ఏమీ రాయని డబ్బా అయితే ఇంకా భయం. అలాంటి వాటిలో కొన్నిట్లో పాదరసం కలుపుతారు, 2023లో కేరళ మలప్పురంలో ఇలాంటి క్రీములు రాసుకున్నవాళ్ళకి కిడ్నీ జబ్బులు బయటపడ్డాయి.

నీ అంతట నువ్వు ఆపీకు, అలాగని ఇంకో ట్యూబూ కొనకు. స్కిన్ డాక్టరుకి చూపిస్తే ఎన్నాళ్ళు రాసావో అడిగి మెల్లగా తగ్గించాలో, తేలిక మందుకి మార్చాలో చెప్తారు. ఆపాక కొన్నాళ్ళు మంట, ఎరుపు రావచ్చు, అప్పుడు భయపడి మళ్ళీ అదే ట్యూబు తీసావంటే ఇంక అది నిన్ను వదలదు. అన్నట్టు మెడ వెనక నల్లగా ఉందని పీచుతో రుద్దుతున్నావట, అది మురికి కాదే, ఒక్కోసారి ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోయినా అలా అవుతాది, షుగర్ టెస్టు చేయించుకో.

మీ అమ్మ మీద కోప్పడకు. దానికి నీ మీద ప్రేమ లేకకాదు, నాకు లేకా? బయటివాడు నల్లపిల్ల అంటే ఆ సాయంత్రానికి మర్చిపోతాం, ఇంట్లోవాళ్ళే ఫొటో పట్టుకుని ఇది కొంచెం తెల్లగా పడిందే అని మురిసిపోతుంటే అది మాత్రం లోపల ఉండిపోతాది. మన ఆమదాలవలస పక్క ఊసవానిపేట కరణం మల్లీశ్వరి, ఆ బరువులెత్తే పిల్ల, పుట్టింది 1975లో, ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో అమ్మకానికొచ్చింది కూడా ఆ ఏడాదే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెస్తే ఊరంతా టపాసులు కాల్చాం, అదే నెలలో మా వీధిలో ఒక సంబంధం రంగు చాల్లేదని తిరిగిపోయింది. ఆ క్రీముకి 2020లో పేరులో ఫెయిర్ తీసీసి గ్లో పెట్టారు, మన మధ్యవర్తుల నోళ్ళకి పేరు మార్చేవాళ్ళేరీ.

పెళ్ళివారికి పంపిన ఫొటో ఫిల్టర్‌దే కదా? మార్చీయ్. పొద్దున్న ఎనిమిదింటికి మేడ మీద వెలుగులో తమ్ముడి చేత తీయించు, కాటుక పెట్టుకో, పౌడరు రాసుకో, కాదన్ను, కానీ మనిషివి నువ్వే అవ్వాలి. ఆ తెల్ల ఫొటో చూసి వచ్చినవాళ్ళకి ఎదురుగా కూర్చుంటే నువ్వు ఆ ఫొటోకి బాకీ పడినట్టే, పెళ్ళయ్యాక కూడా దొంగచాటుగా ట్యూబు తెచ్చుకోవాలి. వాళ్ళు రంగు మాటెత్తితే నువ్వు తల దించుకోకు, నాన్నని మాట్లాడమను, పిల్ల రంగు ఇదే, దానికి డబ్బు కలిపి మాట్లాడొద్దని. ఆయన నోరు తెరవడని నాకు తెలుసు, అందుకే ఆ రోజు నేనూ వస్తాను, టీ నేనే ఇస్తాను.

ఆదివారం పొద్దున్నే నువ్వు శ్రీకాకుళం బస్సెక్కి రా. అరసవల్లి వెళ్దాం, చర్మం బాగుండాలని ఆ సూర్యుడికే దండం పెట్టి గుడి బయటకి రాగానే ఎండకి నల్లబడతామని చున్నీ చుట్టీసుకుంటాం కదా మనం, ఈసారి చుట్టుకోకుండా ఆటో దాకా నడుద్దాం, ఎండ ఎక్కువైతే గొడుగుంది నా దగ్గర. రాత్రికి మా ఇంట్లో పడుకో, సోమవారం రిమ్స్ ఆసుపత్రిలో స్కిన్ ఓపీకి వెళ్దాం, పొద్దున్నే వెళ్తే లైను తక్కువ.

ఫొటో రెండువైపులా తియ్యే, ఎక్స్‌పైరీ డేటు కనిపించేలాగ. మీ అక్క కూడా చూస్తానంది.

మీ పెద్దమ్మ