అల్లుడూ, ఆ ప్లాట్ సంగతి

అల్లుడూ,

మొన్న రాత్రి ఫోన్ల "2013ల ఆ ప్లాట్ అమ్ముడే తప్పయింది మామా, రేటు పెరుగుతదని నాకు అప్పుడే తెలుసు, మా ఇంటామెనే తొందరపెట్టింది" అన్నవ్ కదా, ఆ మాటకు నాకు నిద్రపట్టలే, ఎందుకంటే అచ్చం అదే మాట నేను ఇరవై ఏండ్లు అన్న.

1999ల కొండాపూర్‌ల 200 గజాల జాగ అమ్మకానికొచ్చింది. సైబర్ టవర్స్ ఓపెనయి నాలుగు నెలలే, రాత్రయితే ఆ దిక్కు ఆటో గూడ రాకపోయేది. కొనలే. తర్వాత ఆ రోడ్డుల పోయినప్పుడల్లా కడుపుల మండేది, ఎవరు కలిసినా ఒకటే ముచ్చట, నేను కొందామన్న, మీ అత్తనే వద్దన్నది అని. పెండ్లిళ్లల, దావత్‌లల, ఆమె ముందటనే అన్న. ఆమె ఏమనకపోతుండె.

పోయిన దసరాకు బీరువా సదురుతుంటే ఆ ఏడాది డైరీ దొరికింది, నీలం అట్టది, మూలలు చెదలు తిన్నయి. మార్చి పేజీల నా చేతిరాతనే: "అంతా రాళ్లే. బస్సు లేదు, నీళ్లు లేవు. పైసలు ఇరుక్కుంటయ్." కింద ఇంకో లైను: "గాజులమ్మి కొందామంటున్నది. నేనే వద్దన్న."

నిలబడ్డకాడనే కూలబడ్డ. నేను అబద్ధమాడలే అల్లుడూ, నాకు నిజంగనే అట్ల గుర్తుండె.

మన చిన్నది సైకాలజీ చదివింది కదా, డైరీ చూపిస్తే చెప్పింది. 1972ల అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ బీజింగ్, మాస్కో పోకముందు ఏమైతదో అని స్టూడెంట్లతోని అంచనాలు రాయించిన్రట, ఫిషాఫ్ అని ఒకాయన, ఇంకొకామె. పర్యటనలయినంక, అప్పుడేం రాసిన్రో గుర్తు చేసుకోండ్రి అంటే, జరిగినవాటిని తాము ముందే ఎక్కువ నమ్మినట్టు చెప్పిన్రట. జరిగింది తెలిసినంక మనసు పాత లెక్కనే మార్చి రాసుకుంటది, మనకు తెల్వకుండనే.

అందుకే బాధపడే ముందు ఆ ఏడాది కాయితాలు తియ్యి. పాస్‌బుక్, మీ అమ్మ ఆపరేషన్ బిల్లులు, ఆ ప్లాట్ గురించి ఎవరికన్న మెయిల్ పెట్టినవా అది. తెలంగాణ వస్తదో రాదో తేలక కొనేటోళ్లు అందరూ ఆగుతున్న రోజులవి, అమ్మ హాస్పిటల్ల ఉండె, నీ చేతుల ఎంతుండెనో చూసుకో. ఒకవేళ ఆ కాయితాలల్ల బద్ధకమో, ఎవరి మాటకో ఊగుడో కనిపిస్తే అది తప్పే, ఒప్పుకో. గానీ ఇయ్యాల్టి రేటు పట్టుకొనిపోయి ఆనాటి నిన్ను తిట్టకు. ఇగ ఇప్పుడు ఫ్లాట్ కొనాలనుకుంటున్నవ్ కదా, కొన్నా కొనకున్నా ఎందుకో ఒక్క పేజీ రాసి తారీఖు వెయ్యి, ఇద్దరు కలిసి రాయండ్రి.

అన్నిటికన్న ముందు మీ ఇంటామె మీద ఆ మాట ఆపు. నేను ఆ పేజీ మీ అత్తకు చదివి వినిపిస్తే చేతి గాజులు ఒకసారి తడుముకొని "ఇన్నేండ్లకా" అన్నది, అంతే, వంటింట్లకు పోయింది. ఆమె ఆరోజు తిట్టినా బాగుండు అనిపించింది నాకు.

ఆదివారం ఇద్దరు రండ్రి, ఫైల్ తీస్కొని రా. డైరీ నా దగ్గరనే ఉంది.

మీ మామ